సెకండ్‌హ్యాండ్ బెంజి నడపడానికి నెలకు ఎంత? నా నోట్‌బుక్ లెక్క

తమ్ముడూ, నువ్వు "అన్నా" అని మొదలుపెట్టావు కాబట్టి నేనూ చనువుగా నువ్వు అనే రాస్తున్నా. నువ్వు అడిగింది ఇదీ: గుంటూరులో మిర్చి కమీషన్ వ్యాపారం, హైదరాబాద్ రిజిస్ట్రేషన్ ఉన్న 2016 మోడల్ బెంజి ఈ-క్లాస్ డీజిల్ (E 250 CDI) ఒకటి దొరికింది, 82,000 కిలోమీటర్లు తిరిగింది, 15.5 లక్షలు చెబుతున్నారు. నీ చేతిలో 5.5 లక్షలున్నాయి, మిగతా 10 లక్షలకు 13 శాతం వడ్డీతో నాలుగేళ్ళ లోను. నెలకు 1,200 కిలోమీటర్ల దాకా తిరుగుతావు. మెయింటెనెన్స్ నెలకు పదివేలలో అయిపోతుందని బ్రోకర్ అంటున్నాడు, నిజమేనా అని.

నిజం కాదు. నేను విజయవాడ ఆటోనగర్‌లో 22 ఏళ్ళుగా షెడ్డు నడుపుతున్నా, గత పదకొండేళ్ళుగా మా దగ్గరకు వచ్చేవి ఎక్కువగా జర్మన్ బండ్లే. నీ తిరుగుడుకు పదివేలు డీజిల్‌కే పోతాయి. బ్రోకర్ చెప్పిన లెక్కలో డీజిల్ తప్ప ఇంకేమీ లేదన్నమాట.

ముందు ఒక్క విషయం పట్టుకో, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. కారు ధర ఏటేటా పడిపోతుంది గానీ దాని పార్టుల ధర పడదు. ఈ బండి కొత్తలో రోడ్డెక్కేసరికి 50 లక్షలు దాటింది, ఇవాళ నీకు 15కు వస్తోంది. రేపు హెడ్‌లైట్ పగిలితే కౌంటర్లో నీకు 15 లక్షల కారు హెడ్‌లైట్ ధర చెప్పరు, 50 లక్షల కారు ధరే చెబుతారు. పైగా తొమ్మిదేళ్ళు దాటిన బండికి అవసరాలు కొత్తదానికంటే ఎక్కువ. అందుకే మొదటి ఓనరు వారంటీ ఉన్నన్నాళ్ళు నడిపి అమ్మేశాడు, రెండో ఆయన ఖర్చు మొదలయ్యే టైముకు అమ్మేస్తున్నాడు, నువ్వు సరిగ్గా ఆ ఖర్చు దగ్గర ఎక్కుతున్నావు. ఎక్కొద్దని అనడం లేదు, ఎక్కేవాడు లెక్క తెలిసి ఎక్కాలి.

నా సొంత లెక్క చెబుతా. 2019లో ఏడేళ్ళ వయసున్న జర్మన్ డీజిల్ సెడాన్ 11 లక్షలకు కొన్నాను, ఐదేళ్ళు 68,000 కిలోమీటర్లు నడిపి 6 లక్షలకు అమ్మాను. మా ఆవిడ ఇంటి పద్దు రాసే నోట్‌బుక్ వెనక పేజీల్లో ప్రతి బిల్లూ రాసి పెట్టాను. కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య పోయింది 5 లక్షలు. సర్వీసులు, రిపేర్లు కలిపి 4.86 లక్షలు. టైర్లు 1.30. ఇన్సూరెన్స్ ఐదేళ్ళకు 1.90. డీజిల్ 4.70. మొత్తం 17.76 లక్షలు, అంటే కిలోమీటరుకు 26 రూపాయలు. గుర్తుపెట్టుకో, అందులో లేబర్ దాదాపు లేదు, షెడ్డు నాదే, చెయ్యి నాదే. పార్టులు కూడా నాకు డీలర్ రేటుకే వస్తాయి. నువ్వు బయట మనిషివి, నీకు ఇంతకంటే ఎక్కువే అవుతుంది.

ఇప్పుడు నీ బండికి ఏడాది లెక్క వేద్దాం, ఏడాదికి 15,000 కిలోమీటర్లు అనుకుని. సిటీ, హైవే కలిపి లీటరుకు 12 వస్తుందనుకుంటే 1,250 లీటర్లు, లీటరు డీజిల్ 97 రూపాయల చుట్టూ అనుకుంటే 1.20 లక్షలు. ఇన్సూరెన్స్ 45,000 దాకా (ఎదుటివాళ్ళ నష్టానికి కట్టే థర్డ్ పార్టీ భాగమే, 1500 సీసీ దాటిన కార్లకు 2022 జూన్‌లో పెట్టిన రేటు 7,897, జీఎస్టీతో 9,300 దాటుతుంది). ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, రెండేళ్ళకోసారి బ్రేక్ ఆయిల్, వీటికి సగటున 40,000 పెట్టుకో, షోరూంలో చేయిస్తే ఇంకా పైకే పోతుంది. పదిహేడు ఇంచుల మంచి టైర్లు నాలుగు 66,000 దాకా, 45,000 కిలోమీటర్లు వస్తే ఏడాది వాటా 22,000. బ్రేక్ ప్యాడ్లు, డిస్కుల వాటా 15,000. ఇక్కడికి 2.42 లక్షలు. ఇవన్నీ తెలిసిన ఖర్చులు, ఏ నెలలో వస్తాయో ముందే చెప్పొచ్చు.

అసలుది దీని తర్వాత ఉంది. తెలియని ఖర్చు. దానికి ఏడాదికి 1.20 లక్షలు పక్కన పెట్టమంటాను. వచ్చినా రాకపోయినా విడిగా ఒక అకౌంట్లో నెలకు పదివేలు వేసి మర్చిపోవాలి. ఒక ఏడాది రూపాయి కూడా కదలదు, ఇంకో ఏడాది రెండు లక్షలు ఒకేసారి లేచిపోతాయి. ఇది కూడా కలిపితే 3.62 లక్షలు, నెలకు 30,000. నీ లోను 10 లక్షలకు 48 నెలలు 13 శాతం చొప్పున ఈఎంఐ 26,800 దాకా పడుతుంది. అంటే నెలకు 57,000 నీ జేబులోంచి కదలాలి. పదివేలు అన్న బ్రోకర్ మాటకు దీనికి ఎంత దూరమో చూడు.

ఆ తెలియని ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందో చెబుతా, ఎందుకంటే చాలామంది "ఏముంటుంది అన్నా, జర్మన్ బండి, గట్టిగా ఉంటుంది" అంటారు. ఇంజిన్ గట్టిదే, ఆ మాట నేనూ ఒప్పుకుంటా, ఈ 2143 సీసీ డీజిల్ ఇంజిన్ సరిగ్గా ఆయిల్ మార్చుకుంటూ వస్తే రెండు మూడు లక్షల కిలోమీటర్లు పోయే రకం. కానీ దాని చుట్టూ ఉన్నవి రబ్బరు, ప్లాస్టిక్, వైరింగ్. మన విజయవాడ, గుంటూరు ఎండల సంగతి నీకు చెప్పాలా, రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారే, బానెట్ కింద ఆ వేడికి కూలెంట్ పైపుల కొసలు, ప్లాస్టిక్ ట్యాంకులు, ఇంజిన్ మౌంటింగులు పెళుసెక్కిపోతాయి. వాటర్ పంపు దగ్గరో, ఆయిల్ కూలర్ గాస్కెట్ దగ్గరో సన్నగా కారడం మొదలవుతుంది. కూలెంట్ తగ్గుతుంటే నీళ్ళు పోసుకుంటూ తిరిగే వాళ్ళను చూశాను, ఇంజిన్ వేడెక్కి హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగం కింద ఉండే సీలు) పోయాక మా దగ్గరకు వస్తారు. రెండువేల పైపు కోసం ఆగితే లక్షన్నర పని అవుతుంది.

గేర్‌బాక్స్ గురించి గట్టిగా చెబుతున్నా. "లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు" అని ఎవరైనా అంటే నమ్మకు. బీఎండబ్ల్యూలో, జాగ్వార్‌లో వచ్చే ఎనిమిది గేర్ల బాక్సు తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య ఆయిల్ మార్చమంటుంది. బెంజి ఏడు గేర్ల బాక్సుకూ అంతే, ఎప్పటికీ మార్చనక్కర్లేదన్నది దేనికీ లేదు, నేనైతే 60-70 వేలకు ఫిల్టర్‌తో సహా మార్చేస్తా, పాతిక వేల లోపు పని. 82,000 తిరిగిన నీ బండికి అది ఎప్పుడైనా జరిగిందా? బిల్లు చూపించమను. బిల్లు లేకపోతే జరగలేదనే లెక్క. ఆ బాక్సు లోపల ఉండే ఎలక్ట్రానిక్ ప్లేటు పోతే బండి ఒకే గేర్లో ఇరుక్కుపోతుంది, అది లక్ష దగ్గరి పని, కొత్త ప్లేటును కంప్యూటర్‌తో బండికి జత చేసే (కోడింగ్) మనిషి కూడా కావాలి.

సస్పెన్షన్ మన రోడ్ల పని. బుష్‌లు, లోయర్ ఆర్ములు, షాక్ అబ్జార్బర్లు. వెనక నుంచి "టక్ టక్" అనే చప్పుడుకు అలవాటు పడిపోయి నడిపేస్తుంటారు, అది టైర్లను ఓ పక్క తినేస్తుంది. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న ఎస్ క్లాస్ లాంటి బండి వైపు మాత్రం ఈ బడ్జెట్‌తో కన్నెత్తి కూడా చూడకు, ఒక్కో స్ట్రట్ (గాలితో పనిచేసే షాక్ అబ్జార్బర్) ధరకు మంచి బైకు వస్తుంది.

నీ వాడకం గురించి ఒకటి. రోజూ ఇంటి నుంచి మిర్చి యార్డుకు నాలుగైదు కిలోమీటర్లే అన్నావు. డీజిల్ బండికి అది మంచి తిరుగుడు కాదు. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఉన్న బండి అయితే ఆ మసి కాలడానికి పదిహేను ఇరవై నిమిషాలు ఏకబిగిన స్పీడు మీద నడవాలి, యార్డు ముందు లారీల మధ్య ఆగుతూ పాకుతూ పోతే అది నిండిపోతుంది. నీకు వారానికి రెండుసార్లు విజయవాడ పని ఉందన్నావు కదా, మంగళగిరి మీదుగా హైవేలో 35 కిలోమీటర్లు, అది చాలు, ఆ ట్రిప్పు మాత్రం మానకు. ఇంకోటి, మిర్చి సీజన్లో ఏసీ ఫిల్టర్ ఏడాదికి ఒకసారి అంటే కుదరదు. మీ యార్డు ఆయన ఒకాయన బండి ఏప్రిల్లో మా దగ్గరకు వచ్చింది, ఏసీ గాలి రావడం లేదని. ఫిల్టర్ బయటికి లాగితే తెల్లగా ఉండాల్సిన కాగితం మడతల నిండా ఎర్రటి పొడి, కుర్రాడు దులపబోయి అరగంట తుమ్మాడు. బ్లోయర్ మోటారు కూడా మార్చాల్సి వచ్చింది. మూడువేల ఫిల్టర్, మూడు నెలలకోసారి మార్చుకో.

కొనేముందు ఏం చూడాలన్నది చాలామంది రాస్తారు, నేను మూడే చెబుతా.

ఒకటి, చల్లటి ఇంజిన్. పొద్దున ఆరింటికి చెప్పకుండా వెళ్ళు, బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూడు, వెచ్చగా తగిలితే ముందే స్టార్ట్ చేసి ఉంచారని అర్థం, ఆ రోజు వెనక్కి వచ్చెయ్, ఇంకో రోజు వెళ్ళు. చల్లగా ఉంటే స్టార్ట్ చేసేటప్పుడు ముందు వైపు కాదు, డ్రైవర్ కాళ్ళ దగ్గర అద్దం కింద చెవి పెట్టు. ఎందుకంటే ఈ ఇంజిన్‌కు టైమింగ్ చైన్ (వాల్వులను సమయానికి తెరిపించే గొలుసు) వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది, బీఎండబ్ల్యూ 320డీలో వచ్చిన పాత ఎన్47 ఇంజిన్‌కూ అంతే. మొదటి రెండు మూడు సెకన్లు గొలుసు గీరినట్టు "గరగర" వినిపిస్తే చైన్ పని దగ్గర పడింది. ముందు వైపు ఉంటే ఒక రోజు పని, వెనక ఉండటం వల్ల ఇంజిన్నో గేర్‌బాక్సో దించాలి, లేబరే ముప్పై నలభై వేలు.

రెండోది స్కానింగ్. రోడ్డు పక్కన పెట్టే రెండువేల స్కానర్ కాదు, కంపెనీ వాళ్ళ స్కానింగ్ సాఫ్ట్‌వేర్, అంటే బెంజికి గ్జెంట్రీ, బీఎండబ్ల్యూకి ఇస్టా, ఆడీకి ఓడిస్ ఉన్న చోట పెట్టించు. మీటర్ వెనక్కి తిప్పినా కిలోమీటర్లు బండిలోని ఇంకో రెండు మూడు కంప్యూటర్ బాక్సుల్లో మిగిలిపోతాయి, తేడా అక్కడ దొరుకుతుంది. షోరూం సర్వీసు హిస్టరీ ఛాసిస్ నంబర్‌తో అడిగితే చాలావరకు తెలుస్తుంది, అమ్మేవాడి చేతే అడిగించు.

మూడోది వరద నీళ్ళు, ఇది మన ఊరి వాళ్ళకు నేను చేతులు పట్టుకుని చెప్పే మాట. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి, కార్లు సీట్ల దాకా, కొన్ని పైకప్పు దాకా మునిగాయి. ఆ నెలంతా మా షెడ్డు ముందు మునిగిన కార్లను లాక్కొచ్చిన బండ్లు క్యూ కట్టాయి. ఇన్సూరెన్స్ వాళ్ళు ఇక బాగుచేయడం దండగని టోటల్ లాస్ కట్టిన బండ్లు వేలంలో పోతాయి, కొన్నవాళ్ళు కడిగి, సీట్లు మార్చి, సెంటు కొట్టి వేరే ఊళ్ళో అమ్ముతారు. ఆరు నెలల క్రితం ఒకాయన తళతళలాడే సెడాన్ తెచ్చాడు, చూడటానికి అద్దంలా ఉంది. నేను డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని చివరికంటా లాగాను. బెల్టు పైన ఓ మీటరు పొడవు శుభ్రంగా ఉంది, లోపల చుట్టలో ఉండే చివరి జానెడు మీద అడ్డంగా గోధుమరంగు బురద గీత. గోటితో గీకితే పొడి రాలింది. ఆయన కారు కొని అప్పటికి పన్నెండు రోజులు. సీటు బెల్టులు నాలుగూ చివరికంటా లాగు, సీటు కింది పట్టాల తుప్పు చూడు, డిక్కీలో కార్పెట్ ఎత్తి అడుగు చూడు. ఈ బండ్లలో కంప్యూటర్ బాక్సులు, వైరింగ్ జాయింట్లు కొన్ని కార్పెట్ల కిందే ఉంటాయి, నీళ్ళు తాగిన వైరు రెండేళ్ళ తర్వాత కూడా పచ్చబడుతూ డాష్‌బోర్డులో ఒక్కో వార్నింగ్ లైటూ వెలిగిస్తుంది. నీ బండి హైదరాబాద్‌ది కదా అని వదలకు, అక్కడా వరదలొచ్చాయి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ హిస్టరీ తప్పకుండా అడుగు.

ఇక కాగితాలు. తెలంగాణ బండి మన దగ్గర పర్మనెంట్‌గా తిప్పాలంటే అక్కడి నుంచి అభ్యంతరం లేదన్న కాగితం (ఎన్‌ఓసీ) తెచ్చి ఇక్కడ మళ్ళీ లైఫ్ టాక్స్ కట్టి ఏపీ నంబర్ తీసుకోవాలి. ఆ టాక్స్ నువ్వు కొన్న 15.5 లక్షల మీద కాదు, బండి కొత్తప్పటి ధరను, దాని వయసును చూసి వేస్తారు. బేరం దగ్గర "మన వైపు కంటే రెండు లక్షలు తక్కువ" అని మురిసిపోతారు, ఆ రెండు లక్షలూ ఇక్కడ టాక్స్ కౌంటర్లో తేలతాయి. ఢిల్లీ డీజిల్ బండ్లు చౌకగా కనిపించడానికీ కారణం ఉంది, అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్ బండ్ల మీద 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ), 2018లో సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టాక పదో ఏడు దగ్గర పడగానే దక్షిణానికి తోసేయడం మొదలైంది. మంచివీ ఉంటాయి, టాక్స్ లెక్క మాత్రం వాటికీ ఇదే.

ఇన్సూరెన్స్‌లో నువ్వు గమనించాల్సింది ప్రీమియం కాదు, క్లెయిమ్ వచ్చినప్పుడు నీ వాటా ఎంత అని. ఈ వయసు బండికి జీరో డెప్ (పార్టుల పాతదనానికి కోత వేయని పాలసీ) దొరకడం కష్టం. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు పార్టుల్లో సగం నీదే, బంపర్ ప్లాస్టికే కదా. ఇనుప పార్టుల్లో ఐదు నుంచి పదేళ్ళ బండికి 40 శాతం, పదేళ్ళు దాటితే 50 శాతం కోత. అమ్మినాయన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) ఆయనతోనే పోతుంది, నీకు రాదు, 14 రోజుల్లో పాలసీ నీ పేరుకు మార్పించుకో. నీళ్ళలో ఇంజిన్ పట్టేస్తే మామూలు పాలసీ డబ్బులివ్వదు, ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా ఇస్తారేమో అడుగు.

షోరూమా బయటా అని కూడా అడిగావు. ఏడేళ్ళు దాటిన బండికి నేను బయటే అంటాను, నా షెడ్డు కాబట్టి కాదు. షోరూంలో మొత్తం యూనిట్ మార్చమంటారు, బయట చిన్న సీలు మార్చి సరిచేయొచ్చు. కారు కంపెనీకి పార్టులు చేసిచ్చే ఫ్యాక్టరీయే ఆ కంపెనీ గుర్తు లేకుండా అమ్మే పార్టులు దాదాపు సగం ధరకే ఉంటాయి. కాకపోతే స్కానర్ ఉన్న, ఆ బండ్ల మీద చెయ్యి తిరిగిన మనిషి కావాలి. గుంటూరులో నీకు అలాంటి మెకానిక్ ముందే తెలిసి ఉండాలి, బండి కొన్నాక వెతుక్కోవడం కాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి పార్టుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, అది కాస్త ఊరట. అదే రోజు కొత్త లగ్జరీ కార్ల మీద కూడా టాక్సు, సెస్సు కలిపి 45-50 శాతం ఉన్నది 40కి వచ్చింది, కొత్తది దిగితే పాతదీ దిగాలి, కాబట్టి 15.5 దగ్గర ఆగకు, 13.5 నుంచి బేరం మొదలుపెట్టు.

ఇప్పుడు నా అభిప్రాయం సూటిగా. ఈ బండి ఈ లోనుతో వద్దు. నీ దగ్గరున్న 5.5 లక్షలూ డౌన్ పేమెంట్‌లో పెట్టేస్తే మొదటి నెలలోనే టాక్స్, ఇన్సూరెన్స్, గేర్ ఆయిల్, టైర్లు కలిపి మూడు లక్షలు ఎక్కడి నుంచి తెస్తావు? మళ్ళీ అప్పే. మిర్చి రేటు పడిన ఏడాది సంగతి నాకంటే నీకే బాగా తెలుసు, ఆ ఏడాది బండికి పని వస్తే ఏం జరుగుతుందో నేను కళ్ళారా చూశాను. మా షెడ్డు వెనక గోడకు ఆనించి ఒక బండి పద్నాలుగు నెలలు నిలబడింది, 1.80 లక్షల పని, ఆయన నెలనెలా వచ్చి దాన్ని తడిమి చూసుకుని వెళ్ళేవాడు, ఈఎంఐ కడుతూనే. చివరికి నాలుగు లక్షలకు అమ్ముకున్నాడు, లోను ఇంకా మిగిలే ఉంది. మంచి మనిషి, కారంటే ప్రాణం. ఆ రోజు కాగితాల మీద సంతకం పెడుతుంటే నాకే మనసు పాడైంది.

ఇదే ధరకు ఇన్నోవా క్రిస్టా అన్నావు కదా, దానికి డీజిల్‌తో కలిపి ఏడాదికి రెండు లక్షల చుట్టూ సరిపోతుంది, అమ్మేటప్పుడు ధరా నిలుస్తుంది. కానీ నీకు బెంజి మీదే మనసుందని నీ మాటల్లోనే తెలుస్తోంది, ఆ ఇష్టాన్ని నేను తక్కువ చేయను. ఆ సీట్లో కూర్చుని హైదరాబాద్ పోయి వస్తే నడుం నొప్పి ఉండదు, హైవేలో 100 మీద పోతున్నా పక్కవాళ్ళతో మామూలు గొంతుతో మాట్లాడొచ్చు, అది నేనూ ఐదేళ్ళు అనుభవించాను. కాబట్టి ఒక సీజన్ ఆగు. 10 లక్షలు చేతికి రానివ్వు, లోను 5 దాటనివ్వకు, 3 లక్షలు బండికని విడిగా ఉంచు. ఈలోపు ఇలాంటి బండ్లు పది వస్తాయి, ధర కూడా ఇంకా దిగుతుంది.

లేదు, ఇదే కావాలంటే అడ్వాన్స్ ఇచ్చేలోపు రెండు పనులు చెయ్. ఆర్సీ కాపీ పట్టుకుని ఆర్టీవో ఆఫీసులో ఈ బండికి ఇక్కడ టాక్స్ ఎంత పడుతుందో లెక్క వేయించుకుని రాయించుకో. తర్వాత గేర్‌బాక్స్ ఆయిల్ బిల్లు, చివరి మూడు సర్వీసుల కాగితాలు, పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన వీడియో ఇక్కడే పెట్టు. చప్పుడు వింటే నేను చెబుతాను.